బల్ల అంచున గ్లాసు

మూడో సాక్షి కూడా గ్లాసుని ఎడమచేత్తోనే పడగొట్టాడు.

ఇది ఉత్తుత్తి గ్లాసే. వచ్చేవారం కమిషన్ ముందు తడబడకూడదంటే ఇవాళ ఒకసారి చేసి చూపించాలని లాయరమ్మ తన ఆఫీసు బల్లమీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టించింది. సాక్షి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఎడమచెయ్యి తిరగేసి, మణికట్టు వెనకవైపుతో ఒక్క తోపు తోశాడు. గ్లాసు దొర్లుకుంటూ వెళ్లి నేలమీద పడింది.

“ఇలా పడిందండి. నీళ్లన్నీ ఒలికిపోయాయి. నేను లేచి బయటికి వెళ్లిపోయాను,” అన్నాడు.

“ధరల మాట వచ్చింది కాబట్టి వెళ్లిపోయారు.”

“అంతేనండి.”

“ఆ ముక్క మీ నోటితో మీరే చెప్పాలి. నేను అందిస్తే అవతలి అధికారి ఊరుకోడు.”

అతను బుద్ధిగా తలూపి వాంగ్మూలం మీద సంతకం పెట్టాడు. కుడిచేత్తో పెట్టాడు. మొదటి ఇద్దరూ కూడా కుడిచేత్తోనే సంతకాలు పెట్టారని లాయరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. పెన్ను వెనక్కి తీసుకున్న తన చేతివంక ఒకసారి చూసుకుంది. అది ఎడమచెయ్యి. పుట్టినప్పట్నుంచీ ఆమె వాటం అదే.

కేసు చిన్నదేం కాదు. ఆస్పత్రులకీ, ఇళ్లల్లో మంచాన పడ్డవాళ్లకీ ఆక్సిజన్ సిలిండర్లు నింపి పంపే ఫ్యాక్టరీలు ఐదున్నాయి. ఐదుగురు యజమానులకీ కలిపి ఒక సంఘం. ధర పెరిగిందంటే ఐదింట్లోనూ ఒకే వారంలో పెరుగుతుంది. తగ్గగా మాత్రం ఎవరూ చూసిన పాపాన పోలేదు. వీళ్లంతా కూడబలుక్కుంటున్నారని పోటీ కమిషన్ దర్యాప్తు అధికారి అభియోగం. పాపం ఆయన ఫోన్లు వెతికాడు, కంప్యూటర్లు వెతికాడు, చెత్తబుట్టలు కూడా బోర్లించాడని చెప్పుకుంటారు. ఒక్క మాట దొరకలేదు. అందరి ధరా ఒకేసారి పెరగడం నేరం కాదు, పెంచుదామని అందరూ కలిసి అనుకోవడం నేరం. అనుకున్నట్టు చూపించవయ్యా అంటే ఆయన దగ్గర ఏమీ లేదు.

లాయరమ్మ దగ్గర మాత్రం ఐదుగురూ ఉన్నారు. ఐదుగురూ ఏదో ఒక మీటింగులో గ్లాసు పడగొట్టి, నిరసనగా లేచి వెళ్లిపోయినవాళ్లే. ఇంత బుద్ధిమంతులైన కక్షిదారులు ఏ లాయరుకీ దొరకరు. దొరికారంటే ఆ లాయరు కాస్త అనుమానపడాలి. కానీ గెలుపు వాసన తగిలిన ముక్కుకి ఇంకే వాసనా తెలియదు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెడితే ఆమెకి ముందు వినిపించేది బుడబుడమనే శబ్దం. పిన్ని మంచం పక్కన సిలిండరు, దానికి మీటరు, మీటరు కింద నీళ్ల సీసా. ఆ నీళ్లలోంచి గాలి బుడగలుగా పైకొచ్చి, సన్నటి గొట్టంలోంచి పిన్ని ముక్కులోకి వెళ్తుంది. ఆ చప్పుడు వింటే ఇల్లు ఇల్లులా ఉన్నట్టు లెక్క. ఆ రోజు అది ఆగి ఆగి వినిపించింది. ఒక బుడగ, తరవాత కాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక బుడగ.

లాయరమ్మ చెప్పులు కూడా విప్పకుండా మీటరు దగ్గరికి వెళ్లింది. గాజు గొట్టంలో తేలాల్సిన చిన్న గుండు, డాక్టరు చెప్పిన గీతకి బాగా కిందికి దిగి ఉంది.

“పిన్నీ, మళ్లీ తిప్పావా?”

“నేనెందుకు తిప్పుతానే. దానంతటదే దిగుంటుంది.”

“దానంతటదే దిగదు.” లాయరమ్మ పిడి తిప్పి గుండుని గీత దగ్గరికి తెచ్చింది. బుడగలు జోరందుకున్నాయి. పిన్ని పెదాలు మామూలు రంగుకి రావడానికి కొంచెంసేపు పట్టింది.

“కొత్త సిలిండరు వచ్చేదాకా ఇది రావద్దూ,” అంది పిన్ని, దొరికిపోయిన దొంగలా గోడవైపు చూస్తూ. “వెనక గాలి ఊరికే వచ్చేది. ఇప్పుడు కొనుక్కుంటున్నాం. కొన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలి.”

“నేను కొంటానంటే వద్దంటావు.”

“నా ఊపిరి నా పింఛనుతో నేనే కొనుక్కుంటాను. నిన్ను పెంచింది నేను. నన్ను నువ్వు పెంచక్కర్లేదు.”

ఆ విషయంలో పిన్నితో వాదించి గెలిచినవాళ్లు లేరు, కమిషన్లో గెలిచే లాయరమ్మతో సహా. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మంచంమీద పేపరు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పిన్ని దానిమీద బరువైన ఫలకం ఒకటి పెట్టుకుంది. ‘పోటీ చట్టంలో విశిష్ట కృషికి’ అని చెక్కిన అక్షరాలు కిందివైపుకి ఉన్నాయి. ఈ ఏడే లాయరమ్మకి పెద్ద హాల్లో, చప్పట్ల మధ్య ఇచ్చారు.

“ఇంతకీ ఏమిటే ఈ పోటీ చట్టం? పరుగుపందాలకా?”

“వ్యాపారులు ఒకళ్లతో ఒకళ్లు పోటీ పడాలి పిన్నీ. లోపాయికారీగా కలిసిపోకూడదు. అదీ చట్టం.”

“పోటీ పడమని చట్టమా? మా తోడికోడళ్లకి ఏ చట్టమూ లేకుండానే రోజూ జరిగేది.” నవ్వబోయి దగ్గింది. దగ్గు తెరిపిచ్చాక అడిగింది. “మరి ఈ సిలిండర్లవాళ్లు? వాళ్లంతా కలిసిపోయారని పేపర్లో రాశారే.”

“ఆ కేసే చేస్తున్నాను.”

“మంచిపని. గట్టిగా నిలదియ్యి.”

“వాళ్ల తరఫున, పిన్నీ.”

పిన్ని ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంది, ఫలకం ఎత్తి పేజీ తిప్పి మళ్లీ పెట్టింది. చాలాసేపటికి, “సీసాలో నీళ్లు తగ్గాయి, కాసిని పొయ్యి,” అంది.

మర్నాడు లాయరమ్మ సంఘం ఆఫీసుకి వెళ్లింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, తలుపు ఎటుంది, లేచి వెళ్లేవాడు అందరికీ కనిపిస్తాడా లేదా, ఇవన్నీ కళ్లతో చూసి బొమ్మ గీసుకోవడం ఆమె పద్ధతి. సంఘం అధ్యక్షుడు ఎదురొచ్చాడు. ఐదు ఫ్యాక్టరీల్లో పాతది ఆయనది. అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. నెమ్మదస్తుడు, పెద్ద గొంతుతో మాట్లాడగా ఎవరూ వినలేదు.

“రండమ్మా, గది తెరిపించాను. మీకు తెలియని గది కాదుగా,” అన్నాడు.

నిజమే, ఆమె ఒకసారి వచ్చింది. అప్పుడు కిటికీలు తెరిచి ఉన్నాయి, గదినిండా మాటలున్నాయి. ఇప్పుడు తెరలు దించి ఉన్నాయి. దళసరి తివాచీ మీద అడుగుల చప్పుడు వినపడలేదు. ఎప్పుడు మీటింగు జరిగినా సరేనన్నట్టు పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు, కుర్చీ కుర్చీకీ ఒక గ్లాసు నీళ్లు, మూత పెట్టి. లాయరమ్మ బొమ్మ గీయడం మొదలుపెట్టింది. గ్లాసుల దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆగింది. ప్రతి గ్లాసూ కుర్చీకి ఎడమపక్కనే ఉంది. ప్రతిదీ బల్ల అంచుకి అంటుకున్నట్టే ఉంది.

ఆమె ఒక గ్లాసు తీసి కుడిపక్కకి, కాస్త లోపలికి జరిపింది. పెద్దాయన ఏదో చెబుతూనే వచ్చి, దాన్ని మెల్లిగా ఎత్తి మళ్లీ ఎడమవైపు అంచున పెట్టాడు. పెట్టినట్టు ఆయనకే తెలిసినట్టు లేదు.

లాయరమ్మ కుర్చీ ఒకటి వెనక్కి లాగింది. కింద తివాచీ మీద, సరిగ్గా ఆ గ్లాసు ఉన్నచోటికి కింద, వెలిసిపోయిన మరక ఉంది. పక్క కుర్చీ లాగింది. అక్కడా ఉంది, దానికంటే కొత్తది. ఇంకోటి లాగింది. తడి ఆరి, మళ్లీ తడిసి, మళ్లీ ఆరినట్టు ఆ మరకలకి అంచులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఆమె ఒక్కో కుర్చీ లాక్కుంటూ బల్ల చుట్టూ తిరిగింది. మరక లేని కుర్చీ కనపడలేదు. ఐదుగురూ ఒక్కోసారి గ్లాసు పడేశామన్నారు. ఇవి ఒక్కోసారి పడ్డ నీళ్లు కావు.

“తివాచీ మార్పించాలమ్మా,” అన్నాడు పెద్దాయన నొచ్చుకుంటూ.

“సార్, ఒకటి అడుగుతాను. మీరు లేచి వెళ్లిపోయిన రోజున ధరల మాట ఎత్తింది ఎవరు?”

“ఎవరూ ఎత్తరమ్మా.”

“మరి మీరెందుకు లేచారు?”

ఆయన ఆమెవంక వింతగా చూశాడు. పాఠం చెప్పిన పంతులమ్మే వచ్చి పాఠం అడిగితే చూసే చూపు అది.

“మీరే కదమ్మా చెప్పారు. ఈ గదిలోనే, అదిగో ఆ చివరి కుర్చీలో కూర్చుని. ధరల మాట వస్తే లేచి వెళ్లిపోండి, ఊరికే వెళ్తే ఎవరికీ గుర్తుండదు, గ్లాసు పడగొట్టి మరీ వెళ్లండి, రేపు పదిమంది సాక్ష్యం చెబుతారు అన్నారు. చేసి చూపించారు కూడాను. నా పంచంతా తడిసింది. ఎంత నవ్వుకున్నామో ఆ రోజు.”

“ధరల మాట వస్తేనే అన్నాను.”

“అసలు రానివ్వద్దనీ అన్నారు. రానివ్వలేదు. ఆనాటి నుంచీ ఈ గదిలో ధర అన్న మాటే పుట్టలేదమ్మా, ఒట్టు. ఎవరికైనా ఇక గిట్టుబాటు కావట్లేదనిపిస్తే గ్లాసు పడుతుంది. ఆయన లేచి వెళ్లిపోతాడు. మిగతావాళ్లం తక్కిన పనులు చూసుకుని ఇళ్లకెళ్తాం.”

“తరవాత?”

“తరవాతేముంది. ఆయన ధర ఆయన పెంచుకుంటాడు, మా ధర మేం పెంచుకుంటాం. ఒకళ్లనొకళ్లం పల్లెత్తు మాట అనుకోం. మీరు చెప్పినట్టే చేస్తున్నాం.”

ఆయన మొహంలో దాపరికం వెతికింది లాయరమ్మ. దొంగ అయితే ఎక్కడో భుజాలు తడుముకుంటాడు. ఈయన తడుముకోలేదు. తప్పు చేస్తున్నానన్న ఊహే ఆ పెద్దమనిషికి లేదు, అందుకే ఆమెకి భయం వేసింది. చలివేసినట్టు చేతులు కట్టుకుని బయటికి వచ్చేసింది.

ఆఫీసుకి కారులో వెళ్లకుండా నడిచింది. దారిపొడుగునా దుకాణాలు. రంగుల డబ్బాల దుకాణం, టైర్ల దుకాణం, నోటు పుస్తకాలు, మందులు, సిమెంటు. ఒక్కో బోర్డు చదువుతుంటే ఒక్కో గది గుర్తొచ్చింది. రంగులవాళ్లకి చెప్పింది ఈ పాఠం. టైర్లవాళ్లకి చెప్పింది. కాగితం మిల్లులవాళ్లు రెండుసార్లు పిలిపించుకున్నారు. ప్రతిచోటా గ్లాసు పడగొట్టింది, ప్రతిచోటా నవ్వారు. అందరికీ నచ్చిన పాఠం అదే. ఫలకం ఇచ్చినవాళ్లు కూడా దాని గురించి ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఇప్పుడు ఈ వీధిలో ఏ వస్తువు ధర ఎవరి గ్లాసు పడి పెరిగిందో ఆమెకి తెలియదు.

దాహమేసి ఒక హోటల్లోకి వెళ్లింది. సర్వరు గ్లాసు తెచ్చి ఎడమపక్కన పెట్టి వెళ్లాడు. అతను ఎటువైపు నుంచొస్తే అటు పెడతాడు, అందులో వింతేం లేదు. అయినా ఆమె ఆ నీళ్లు తాగకుండానే లేచింది.

కంచె చేను మేస్తే చెప్పేదెవరికి అంటారు. ఇక్కడ కంచె తను మేయలేదు గానీ, ఎక్కణ్ణుంచి దూరాలో చూపించింది. లాయరమ్మ ఆ మాట తనకి తాను చెప్పుకుని, చెప్పుకున్నందుకు సిగ్గుపడింది. కక్షిదారు చెప్పిన మాట బయటపెట్టడానికి లాయరుకి హక్కు లేదు. తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం నడిపించడానికీ హక్కు లేదు. మిగిలింది ఒక్కటే దారి. మర్నాడు పొద్దున్నే కేసు వదులుకుంటున్నట్టు కమిషన్‌కి కాగితం పంపింది, కాపీ దర్యాప్తు అధికారికి వెళ్లింది. సాయంత్రం సంఘం ఆఫీసుకి వెళ్లింది.

ఐదుగురూ వచ్చి ఉన్నారు. ఆమెకి చివరి కుర్చీ వదిలిపెట్టారు, పాఠం చెప్పిన రోజున కూర్చున్న కుర్చీయే.

“నేను ఇవాళ్టి నుంచి మీ లాయరుని కాను. ఈ గదిలోకి చుట్టపుచూపుగా వచ్చాననుకోండి,” అంది. “ఒక్క సలహా ఇచ్చి పోతాను. దీనికి ఫీజు లేదు. ఇలాంటి కేసుల్లో అందరికంటే ముందెళ్లి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నవాళ్లకి చట్టం శిక్ష తగ్గిస్తుంది. మొదట వెళ్లినవాడికి పూర్తిగా మాఫీ చేసినా చెయ్యొచ్చు. రెండోవాడికి అంత దక్కదు. మీలో ఎవరో ఒకరు రేపే వెళ్లండి.”

ఒకరి మొహం ఒకరు చూసుకుంటారేమోనని ఆమె ఎదురుచూసింది. మామూలు మనుషులైతే చూసుకుంటారు, ముందు ఎవడు జారుకుంటాడోనని. వీళ్లు చూసుకోలేదు. ఐదుగురూ తమ తమ గ్లాసుల మూతలవంకే చూస్తూ కూర్చున్నారు.

“మా ఇంట్లో ఒకావిడ మీ సిలిండరు మీద బతుకుతోంది,” అంది లాయరమ్మ. ఈ మాట చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది. “గాలి ఎక్కువ ఖర్చవుతుందని మీటరు తగ్గించుకుని పీలుస్తోంది. పెదాలు నల్లబడేదాకా పీలుస్తోంది.”

“అయ్యో,” అన్నాడు పెద్దాయన. నిజంగానే బాధపడ్డాడు.

వాళ్లు ఇంకేమైనా అంటారేమోనని ఆమె చూసింది. అనలేదు. బ్యాగు అందుకుని విసురుగా లేచింది. ఎడమచెయ్యి బల్ల అంచుని రాసుకుంటూ వచ్చింది, గ్లాసు పడింది. కావాలని కొట్టిందో, తగిలి పడిందో తరవాత ఎన్నిసార్లు అనుకున్నా ఆమెకే తేలలేదు. మూత ఎగిరి ఎక్కడో పడింది. నీళ్లు బల్ల అంచునుంచి ధారగా తివాచీ మీదికి దిగాయి, పాత మరకలోకే.

ఐదుగురూ ఆ నీళ్లని చూశారు. ఎవరూ తుడవడానికి లేవలేదు. పెద్దాయన ఆమెవైపు తిరిగి, వెళ్లిరండమ్మా అన్నట్టు నెమ్మదిగా తలూపాడు. తక్కినవాళ్లూ ఒకరి తరవాత ఒకరు తలలూపారు.

వారం తిరక్కుండా సిలిండర్లు తెచ్చే మనిషి వచ్చాడు. నిండు సిలిండరుని ఏటవాలుగా వంచి, అడుగు అంచుమీద బొంగరంలా తిప్పుకుంటూ గుమ్మం దాటించాడు. ఖాళీదాన్ని వేలితో కొట్టి చూశాడు, అది గంటలా మోగింది. బిల్లు పిన్ని చేతిలో పెట్టి తల గోక్కున్నాడు.

“ధర పెంచారండి, పిన్నిగారూ. నన్నేం అనకండి.”

“పోయిన నెలేగా పెంచారు,” అంది పిన్ని.

“మా కంపెనీ ఒక్కటే కాదండి, ఐదూ పెంచాయి. ఎందుకంటే ఎవరూ చెప్పరు. కేసు నడుస్తోంది కదా, ఈమధ్యన పెంచరులే అని మేమూ అనుకున్నాం.”

తలుపు దగ్గర నిలబడి విన్న లాయరమ్మ, అతను వెళ్లిపోయాక వరండాలోకి వెళ్లి పెద్దాయనకి ఫోన్ చేసింది.

“ధర ఎందుకు పెంచారు సార్?”

“గ్లాసు పడింది కదమ్మా,” అన్నాడాయన. అంతకంటే చెప్పడానికేం లేనట్టు అన్నాడు.

“అది నా గ్లాసండీ. నాకు ఫ్యాక్టరీ లేదు. నేను ధర పెంచమని పడెయ్యలేదు. మిమ్మల్ని అసహ్యించుకుని లేచాను.”

పెద్దాయన చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. “ఎవరిది పడిందని చూడమమ్మా. ఎందుకు పడిందని అడగం. పడిందా లేదా, అంతే. అడిగితే మాట్లాడినట్టు అవుతుందని మీరే చెప్పారు.”

ఫోన్ పెట్టేసి లోపలికొచ్చేసరికి బుడగల చప్పుడు లేదు. లాయరమ్మ పరిగెత్తింది. గుండు అడుక్కి ఆనుకుని ఉంది. పిన్ని చెయ్యి ఇంకా పిడిమీదే ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. పిడి తిప్పి, పిన్ని వీపు కింద దిండు ఎత్తుపెట్టి, నిమురుతూ కూర్చుంది. బుడగలు మళ్లీ మొదలయ్యాయి, ఒకటి, మరొకటి, తరవాత జోరుగా.

“తగ్గిద్దామనుకున్నానే. పూర్తిగా కట్టయిపోయింది,” అంది పిన్ని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. “తడిగుడ్డతో గొంతు కోస్తున్నారే వీళ్లు. అరుద్దామన్నా ఎవడి మీద అరవాలో తెలీదు.”

లాయరమ్మకి ఏడుపొచ్చింది. పిన్ని ముందు ఏడ్చి ఎన్నేళ్లయిందో, ఏడ్చింది. పిన్ని ఆమె ఎడమచెయ్యి పట్టుకుని, కారణం తెలియకుండానే తడుతూ ఉండిపోయింది.

దర్యాప్తు అధికారి గది ఇరుకుగా ఉంది. ఆయన లాయరమ్మని చూసి లేచి నిలబడ్డాడు గానీ, మొహంలో మర్యాద కంటే జాగ్రత్తే ఎక్కువ కనపడింది. ఈవిడ చేతిలో ఇదివరకు రెండుసార్లు ఓడిపోయిన మనిషి. కూర్చోమని, ఎదురుగా నీళ్ల గ్లాసు పెట్టించాడు.

“మేడమ్, మీరు మొన్నటిదాకా వాళ్ల లాయరు. వాళ్లు మీకు చెప్పినవి నేను వినకూడదు. విన్నానంటే కేసే పోతుంది.”

“లాయరుగా విన్నది ఒక్కటి కూడా చెప్పను,” అంది లాయరమ్మ. “పోయినవారం ఒకరోజు పొద్దున కేసు వదులుకున్నాను, కాపీ మీకొచ్చింది. ఆ సాయంత్రం ఆ గదికి వెళ్లింది లాయరు కాదు. అక్కడ నేనేం చేశానో చెబుతాను. తరవాత నాకు ఫోన్లో ఏం జవాబొచ్చిందో చెబుతాను. నన్ను సాక్షిగా రాసుకోండి.”

“సాక్షిగా వస్తే మిమ్మల్ని వాళ్ల కొత్త లాయరు ప్రశ్నిస్తాడు. ఈ పద్ధతి వాళ్లకి నేర్పిందెవరని అడగొచ్చు. మీ పేరు పోతుంది.”

ఆయనకి పాఠం సంగతి తెలుసో, ఊహించి అన్నాడో ఆమెకి అర్థం కాలేదు. “అడగనివ్వండి. చెబుతాను.”

ఆయన తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. లాయరమ్మ గ్లాసు తీసుకోబోయి చూసుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ తనే దాన్ని ఎప్పుడో ఎడమపక్కకి, బల్ల అంచుకి జరిపేసుకుంది. రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా బల్ల మధ్యకి తోసింది.

“చెప్పండి మేడమ్. ఈ విడత ఆక్సిజన్ ధర పెంచింది ఎవరు?”

“నేను,” అంది లాయరమ్మ. “ఎడమచేత్తో అని కూడా రాయండి.”